సీసా మీద ఎవరి అడ్రస్ వేయాలి?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా లేబుళ్ల గురించే. మామిడికాయల కాలం కదా, పచ్చడి పెట్టడం, ఫోన్లో ఫొటో తీసి అమ్మకానికి పెట్టడం, ఎవరో ఒకరు "మీ సీసా మీద నంబరు లేదేంటి" అని అడగడం, ఇక అక్కడి నుంచి టెన్షన్. అన్నీ వేయడానికి చోటు లేదు కాబట్టి ఒకే రకం ప్రశ్నలు కలిపేశాను, పేర్లు తీసేశాను.

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లెటూరు. ఆవకాయ, గోంగూర, కందిపొడి, కరివేపాకు పొడి ఇంట్లోనే చేసి మూడేళ్లుగా వాట్సాప్‌లో, ఇన్‌స్టాలో అమ్ముతున్నాను. ఈ మధ్య ఒక ఆన్‌లైన్ మార్కెట్‌లో పెడదామంటే లేబుల్ ఫొటో బాగాలేదని మూడుసార్లు వెనక్కి పంపారు. ఇంటి అడ్రస్, ఫోన్ నంబరు సీసా మీద ఉండాలట. ఒంటరిగా ఉంటాను, మా అమ్మాయి భయపడుతోంది. అడ్రస్ లేకుండా కుదరదా? అసలు వాట్సాప్‌లో అమ్ముకునేవాళ్లకు కూడా ఇవన్నీ ఉన్నాయా?

జవాబు: అమ్మా, ముందు మీ భయం సంగతే చూద్దాం. అడ్రస్ వేయకుండా కుదరదు. రెండు చట్టాలు దాన్ని విడివిడిగా అడుగుతున్నాయి. ఒకటి ఆహార భద్రత చట్టం కింద వచ్చిన 2020 లేబులింగ్ నిబంధనలు, రెండోది తూనికలు కొలతల చట్టం కింద 2011లో వచ్చిన ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్. తయారు చేసినవాళ్ల పేరు, పూర్తి చిరునామా, ఫిర్యాదు చెప్పుకోవడానికి ఒక ఫోను, ఒక ఈమెయిలు. పచ్చడి మీ వంటింట్లో కలుపుతుంటే వేయాల్సింది మీ వంటింటి అడ్రసే. కొంతమంది తెలివిగా తమ్ముడి కొట్టు అడ్రస్ వేస్తారు, అది అడ్రస్ లేకపోవడం కన్నా పెద్ద తప్పు. ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర చేయించుకునే రిజిస్ట్రేషన్‌లో ఒక చోటు, సీసా మీద ఇంకో చోటు ఉంటే అది తప్పుడు లేబుల్ కిందికి వస్తుంది, మిస్‌బ్రాండెడ్ ఆహారానికి చట్టంలో 3 లక్షల దాకా జరిమానా రాసి ఉంది.

మీ అమ్మాయి భయాన్ని మాత్రం నేను తేలిగ్గా తీసుకోను. ఈ రూలు రాసినవాళ్ల కళ్ల ముందు ఫ్యాక్టరీ ఉండి ఉంటుంది, గేటు దగ్గర వాచ్‌మన్ ఉండి ఉంటాడు. తలుపు తీస్తే వంటిల్లు కనపడే ఇల్లు వాళ్లకు గుర్తు రాలేదు. నాకు తెలిసినవాళ్లు దీనికి రెండు దారులు చూసుకున్నారు. ఒకటి, ఊళ్లో చిన్న గది అద్దెకు తీసుకుని, కలపడం, సీసాల్లో నింపడం, అతికించడం అంతా అక్కడికే మార్చి, రిజిస్ట్రేషన్ కూడా ఆ గదికే చేయించుకోవడం. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు కలిసి తీసుకుంటే అద్దె పెద్ద బరువు కాదు, కాకపోతే ఎవరి రిజిస్ట్రేషన్ వాళ్లకు ఉండాలి. రెండోది, లైసెన్సు ఉన్న చిన్న యూనిట్‌లో మీ కొలతలతో చేయించి, తయారీ ఫలానా చోట, అమ్మకం ఫలానావారు అని ఇద్దరి పేర్లూ వేయడం. మీ చెయ్యి రుచి మారుతుందని రెండోదానికి మీరు ఒప్పుకోరని నాకు తెలుసు. ఫోన్ సంగతి సులువు, వ్యాపారానికి వేరే సిమ్ తీసుకోండి, రాత్రి ఎనిమిదికి ఆ ఫోన్ ఆపేయండి.

ఇక వాట్సాప్ సంగతి. చట్టానికి వాట్సాప్ అయినా వారపు సంత అయినా ఒకటే. డబ్బులు తీసుకుని తినే వస్తువు ఇస్తున్నారు కాబట్టి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఫాస్కాస్ అనే పోర్టల్‌లో మీరే చేసుకోవచ్చు, చిన్న వ్యాపారులకు ఇన్నాళ్లూ ఏడాదికి 100 రూపాయలే రుసుము. దీనికి రెండు మూడు వేలు అడిగే మధ్యవర్తులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు, వాళ్లు చేసేది మీ ఆధార్, మీ ఫొటో అప్‌లోడ్ చేయడమే. 14 అంకెల నంబరు వస్తుంది. సీసా మీద వేయాల్సింది ఆ నంబరు, దాని పక్కన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లోగో.

మీ లేబుల్ మూడుసార్లు ఎందుకు వెనక్కి వచ్చిందో మీరు పంపిన ఫొటో చూస్తే అర్థమైంది. అంతా తెలుగులో ఉంది. చక్కగా ఉంది, నాకు ముచ్చటేసింది, కానీ చెల్లదు. రూలు ప్రకారం వివరాలు ఇంగ్లిష్‌లో గానీ దేవనాగరి లిపిలో హిందీలో గానీ ఉండాలి, వేరే భాష అదనంగా పెట్టుకోవచ్చు. తెనాలిలో చేసి గుంటూరులో అమ్మే గోంగూర మీద తెలుగు ఒక్కటే ఉంటే చాలదు, హిందీ ఒక్కటే ఉంటే చాలు. నాకు కడుపు మండుతుంది, కానీ ప్రస్తుతానికి ఇంగ్లిష్ ఒక పక్క, తెలుగు ఒక పక్క వేసుకోండి.

రెండోది, పదార్థాల పట్టిక. మీరు "మామిడికాయ, కారం, ఉప్పు, ఆవపిండి, నూనె, ప్రేమ" అని రాశారు. ప్రేమ తీసేయండి. మిగతావి బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు రావాలి. ఇక్కడే ఇంట్లో పెట్టేవాళ్లందరూ ఇరుక్కుంటారు, ఎందుకంటే మన కొలతలు గిన్నెల్లో ఉంటాయి. మానెడు ముక్కలకు సోలెడు కారం అంటే బరువు ఎంత? కారం తేలిక, ఉప్పు బరువు, గిన్నెలో సమానంగా కనపడ్డవి కాటా మీద సమానంగా ఉండవు. ఒక్కసారి ఓపిక చేసుకుని మీ కొలతలన్నీ తూచి గ్రాముల్లో రాసి పెట్టుకోండి, జన్మకు ఒక్కసారి చాలు. మీరు ఏ నూనె వాడితే ఆ నూనె పేరే రాయాలి, ఉత్త "నూనె" అని రాస్తే కుదరదు. నిల్వకు సోడియం బెంజోయేట్ వేస్తే అది ప్రిజర్వేటివ్ అని చెప్పి పేరు గానీ 211 అనే నంబరు గానీ వేయాలి. వేశాక "ప్రిజర్వేటివ్స్ లేవు" అని ముందు వైపు రాయకూడదు. నవ్వకండి, రెండూ ఒకే సీసా మీద చూశాను.

మూడోది బరువు. సీసాతో కలిపి 500 గ్రాములు కాదు, లోపల ఉన్నది 500 గ్రాములు. మీ కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి, వాళ్ల దగ్గరే ప్యాకర్‌గా రిజిస్టర్ అవడానికి 500 రూపాయల రుసుము. ఎమ్మార్పీ అన్ని పన్నులతో కలిపి రాయాలి, గ్రాముకు ఎంత పడుతుందో కూడా ఇప్పుడు అడుగుతున్నారు. శాకాహారం గుర్తు, అంటే ఆకుపచ్చ చతురస్రంలో ఆకుపచ్చ చుక్క, మర్చిపోవద్దు. రేపు రొయ్యల పచ్చడి మొదలుపెడితే గోధుమరంగు చతురస్రంలో అదే రంగు త్రిభుజం, పైగా రొయ్యలు ఉన్నాయని అలర్జీ హెచ్చరిక విడిగా. ఈ వివరాల్లో తూనికల రూల్స్ అడిగేవి, తయారైన నెల తప్ప, 2018 జనవరి 1 నుంచి ఆన్‌లైన్ పేజీలో కూడా కనపడాలి. అందుకే వాళ్లు మీ ఫొటోను అంతగా పట్టి చూస్తున్నారు.

అన్నింటికన్నా ఖర్చయ్యేది పోషక విలువల పట్టిక. వంద గ్రాములకు శక్తి ఎంత, ప్రోటీన్ ఎంత, చక్కెర, కొవ్వు, సోడియం ఎంత అని. ల్యాబ్‌లో పరీక్ష చేయిస్తే వేలల్లో అవుతుంది, అదీ ఒక్కో రకానికి. నాలుగు రకాలు చేసే మీకు నాలుగుసార్లు. నెలకు ఇరవై సీసాలు అమ్మేవాళ్లకూ ఇరవై లక్షల సీసాలు అమ్మేవాళ్లకూ పట్టిక ఒక్కటే, నాకు నచ్చనిది ఇదే. రిజిస్ట్రేషన్ రుసుములో చిన్నవాళ్లని గుర్తుపట్టిన ప్రభుత్వం లేబుల్ దగ్గరికొచ్చేసరికి గుర్తుపట్టదు. కొన్ని మినహాయింపులు ఉన్నాయి కానీ అవి ప్యాకెట్ చిన్నదైతే, అంటే 100 చదరపు సెంటీమీటర్ల లోపైతే. వ్యాపారం చిన్నదైతే కాదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో మన ఆహార పదార్థాల పట్టికలు అచ్చువేసింది, వాటితో లెక్కకట్టి ముందు ఒక అంచనాకు రండి. తర్వాత బాగా అమ్ముడుపోయే రకంతో మొదలుపెట్టి ఒక్కొక్కటే పరీక్ష చేయించండి, అన్నీ ఒకేసారి చేయించి అప్పుల పాలు కావద్దు.

చివరగా, అసలు డబ్బే ఖర్చు కానిది, అందరూ వదిలేసేది. బ్యాచ్ నంబరు. మా వదిన పొడులు చేసి అమ్ముతుంది. రెండేళ్ల కిందట ఒకావిడ నల్లకారం ప్యాకెట్‌లో బూజు వచ్చిందని ఫొటో పంపింది. ఏ రోజు చేసిందో తెలియదు, ఎందుకంటే వదిన లేబుల్ మీద తయారీ తేదీ ఇంక్ స్టాంపుతో వేసేది, నూనె చేత్తో రెండుసార్లు పట్టుకునేసరికి అది చెరిగిపోయింది. ఫొటోలో "0" ఒక్కటే కనపడుతోంది. ఆ నెలలో చేసిన కారం అంతా, 140 ప్యాకెట్లు, ఫోన్లు చేసి వెనక్కి తెప్పించుకుంది, కొరియర్ ఖర్చులు తనే పెట్టుకుంది. తర్వాత చూస్తే ఆ వారం మిర్చి సరిగ్గా ఎండలేదు, ఆ ఒక్క రోజు చేసిన పద్దెనిమిది ప్యాకెట్లే పాడు. ఇప్పుడు ఆవిడ దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంది. తేదీ, ఆ రోజు వాడిన మిర్చి ఎక్కడ కొన్నది, ఎన్ని ప్యాకెట్లు, ఎవరెవరికి వెళ్లాయి. ఆ పేజీ నంబరే బ్యాచ్ నంబరు. తేదీ, నంబరు చెరగని ఇంకుతో వేసి పైన ప్లాస్టర్ అతికిస్తుంది. ప్రతి బ్యాచ్‌లో ఒక ప్యాకెట్ అలమరలో దాచిపెడుతుంది, ఎన్నాళ్లకు వాసన మారుతుందో చూడటానికి. గడువు తేదీ పక్కవాళ్ల సీసా చూసి కాపీ కొట్టకుండా ఇలా తెలుసుకోండి. మీరు ఇంకేమీ చేయకపోయినా రేపటి నుంచి ఆ నోట్‌బుక్ ఒక్కటి మొదలుపెట్టండి.

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో డిగ్రీ చదువుతున్నాను. బేగంబజార్‌లో హోల్‌సేల్‌గా పిల్లల బొమ్మలు, కోఠిలో చార్జర్లు కొని ఆన్‌లైన్‌లో అమ్ముతుంటాను. రాత్రికి రాత్రి నా బొమ్మల లిస్టింగులన్నీ తీసేశారు. సర్టిఫికెట్ పెట్టమంటున్నారు. నేను తయారు చేయను, అమ్ముతానంతే. నాకేం సంబంధం సార్? ఉన్న స్టాకు ఏం చేయాలి, "డెకరేషన్ పీస్" అని పేరు మార్చి పెడదామా?

జవాబు: సంబంధం ఉంది తమ్ముడూ, అదీ గట్టి సంబంధమే. బొమ్మల నాణ్యత ఉత్తర్వు 2020లో వచ్చింది, 2021 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. పద్నాలుగేళ్ల లోపు పిల్లలు ఆడుకునే బొమ్మ ఏదైనా ఐఎస్‌ఐ గుర్తు ఉండాల్సిందే. నాణ్యత ప్రమాణాల సంస్థ బీఐఎస్‌కు సంబంధించిన చట్టం తయారు చేయడాన్ని మాత్రమే ఆపలేదు, అలాంటి సరుకు అమ్మడం, నిల్వ పెట్టడం, అమ్మకానికి చూపించడం కూడా తప్పే అంది. నువ్వు చేసేది ఆ మూడూ. మొదటిసారికే 2 లక్షలకు తగ్గని జరిమానా గానీ రెండేళ్ల దాకా జైలు గానీ రాసి ఉంది. పెద్ద ప్లాట్‌ఫాంలు ఎందుకు అంత హడావుడిగా తీసేస్తున్నాయంటే 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, స్నాప్‌డీల్‌లకు ఈ బొమ్మల విషయంలోనే నోటీసులిచ్చింది. ఆ వేడి ఇప్పుడు నీ దాకా వచ్చింది.

ఐఎస్‌ఐ గుర్తు ఉంటే చాలదు, ప్రింటు ఎవడైనా వేస్తాడు. గుర్తు పైన ఐఎస్ నంబరు, కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉంటాయి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే కంపెనీ పేరు, ఏ వస్తువుకు లైసెన్సు ఇచ్చారో వస్తుంది. బొమ్మ కారు మీద ఉన్న నంబరు కొడితే నీళ్ల పైపుల కంపెనీ వచ్చిందనుకో, ఆ పెట్టె అక్కడే పెట్టేసి వచ్చేయ్. చార్జర్ల మీద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉండాలి, అది కూడా అదే యాప్‌లో చూడొచ్చు. షాపువాడి ముందే నిలబడి చూసుకో, మొహమాటపడకు. వాడు విసుక్కుంటే నీకు సమాధానం దొరికినట్టే.

ఇంకో మాట. 2019 వినియోగదారుల చట్టంలో ఒక సెక్షన్ ఉంది, నీలాంటివాళ్లెవరూ చదవరు. వస్తువు వల్ల ఎవరికైనా హాని జరిగి, దాన్ని తయారు చేసిందెవరో తెలియకపోతే, లేదా తెలిసినా ఈ దేశంలో వాడికి నోటీసు అందించే వీలు లేకపోతే, అమ్మినవాడే బాధ్యుడు. పేరులేని చార్జర్ పేలి ఒకింట్లో మంచం తగలబడితే వాళ్లకు దొరికేది నీ ఒక్కడి పేరే. అందుకే బిల్లు లేకుండా పది రూపాయలు తగ్గిస్తానంటే కొనొద్దు, ఆ బిల్లే నీకు కవచం. ఉన్న స్టాకు గురించి అడిగావు. గుర్తు లేనిది వెనక్కి ఇవ్వగలిగితే ఇచ్చేయ్, లేకపోతే నష్టం రాసుకో. "డెకరేషన్ పీస్" అని పేరు మార్చి పెడదామా అన్నావు చూడు, అది మాత్రం చేయకు. ఫొటోలో పిల్లాడు దానితో ఆడుకుంటుంటాడు.

ప్రశ్న: విశాఖ నుంచి రాస్తున్నాను. ఏటికొప్పాక కళాకారుల దగ్గర లక్క బొమ్మలు కొని ఆన్‌లైన్‌లో పెడుతున్నాను. నన్ను కూడా ఐఎస్‌ఐ అడుగుతున్నారు. చేత్తో చేసే బొమ్మకు ఐఎస్‌ఐ ఏంటండీ?

జవాబు: ఏటికొప్పాకవాళ్లు, కొండపల్లివాళ్లు 2020లో నిజంగానే బెంబేలెత్తారు. వరాహ నది ఒడ్డున అంకుడు కర్రను లేత్ మీద తిప్పి, ఆ తిరుగుతున్నదాని మీదే లక్క కర్ర అదిమిపెట్టి రంగు పట్టించే మనిషికి పరీక్షల ల్యాబ్ ఎక్కడి నుంచి వస్తుంది? అందుకే ఆ డిసెంబర్‌లోనే ఉత్తర్వు సవరించారు. హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులు తయారు చేసి అమ్మేవాటికి, జీఐ (ఫలానా ప్రాంతానికే చెందిన వస్తువన్న గుర్తింపు) నమోదు ఉన్న వస్తువుల్ని దాని హక్కుదారులు, అధీకృత వినియోగదారులు తయారు చేసి అమ్మితే వాటికి ఆ ఉత్తర్వు వర్తించదు. కొండపల్లి, నిర్మల్, ఏటికొప్పాక మూడింటికీ జీఐ ఉంది.

కానీ మాటలు జాగ్రత్తగా చూడండి. "తయారు చేసి అమ్మే" అని ఉంది. మినహాయింపు కళాకారుడిది, మధ్యలో ఉన్న మీది కాదు. కాబట్టి కళాకారుడి పేరుతోనే అమ్మకం ఉండేలా చూసుకోవడం మంచిది, కళాకారుల సంఘం అకౌంట్ తెరిచి మీరు ఫొటోలు, ప్యాకింగ్, కస్టమర్ల ఫోన్లు చూసుకుంటే అందరికీ క్షేమం. అది కుదరకపోతే ఎవరి దగ్గర ఏ బొమ్మలు కొన్నారో బిల్లు, ఆ కళాకారుడి గుర్తింపు కార్డు కాపీ, జీఐ అధీకృత వినియోగదారుడైతే ఆ పత్రం, అన్నీ ఒక ఫైల్‌లో పెట్టి ప్లాట్‌ఫాంకు పంపండి. అవతల మీ ఫైల్ చూసేవాళ్లకు ఏటికొప్పాక అంటే ఏంటో తెలియకపోవచ్చు, సవరణ ఉత్తర్వు కాపీ కూడా జత చేయండి.

మినహాయింపు ఉంది కదా అని పిల్లల సంగతి మర్చిపోవద్దు. చక్రం ఊడి వచ్చే బొమ్మ, గింజలు లోపల గలగలమనే గిలక్కాయ, మూడేళ్ల లోపు పిల్లాడి నోట్లోకి వెళ్తాయి. సహజ రంగులు వాడారా లేక బజారు పెయింటు వేశారా అడగండి. ఏటికొప్పాక పేరు చెప్పి ఎక్కడివో ఎనామెల్ బొమ్మలు అంటగట్టేవాళ్లు ఉన్నారు. ఏ వయసు పిల్లలకో, ఏ రంగో ఒక చిన్న కాగితం మీద రాసి డబ్బాలో పెట్టండి, ఎవరూ అడగకపోయినా సరే.

ప్రశ్న: ఇంట్లో వేప సబ్బు, కుంకుమాది సబ్బు చేసి అమ్ముతున్నాను. కెమికల్స్ లేవు కాబట్టి లైసెన్స్ అక్కర్లేదని ఒక యూట్యూబ్ వీడియోలో చెప్పారు. నిజమేనా?

జవాబు: కాదు. అమ్మకానికి చేసే సబ్బు సౌందర్య సాధనమే, 2020 కాస్మెటిక్స్ రూల్స్ కింద తయారీ లైసెన్సు కావాలి, దాన్ని రాష్ట్ర ఔషధ నియంత్రణ విభాగం ఇస్తుంది. వంటింట్లో చేసే సబ్బుకు ఆ లైసెన్సు రావడం కష్టం. అందుకే చాలామంది లైసెన్సున్న తయారీదారు దగ్గర చేయించుకుని తమ పేరుతో అమ్ముతారు, లేబుల్ మీద తయారీదారు పేరు, లైసెన్సు నంబరు, బ్యాచ్ వస్తాయి. ఇక కెమికల్స్ లేని సబ్బు అనేది ఉండదండీ, కాస్టిక్ సోడా లేకుండా నూనె సబ్బు కాదు. మీరు పంపిన లేబుల్‌లో "గజ్జి, తామర నయమవుతాయి" అని ఉంది. ఆ లైను ఈ రోజే తీసేయండి. రోగం నయమవుతుందని రాశారంటే అది మందు కిందికి వెళ్తుంది, అప్పుడు అడిగే లైసెన్సు వేరు, పడే కేసు వేరు.

ప్రశ్న: నరసాపురం. మా ఊరి ఆడవాళ్లు అల్లిన లేసు టేబుల్ క్లాత్‌లు, అల్లిక బొమ్మలు జర్మనీ, ఫ్రాన్స్ వాళ్లు ఆన్‌లైన్‌లో కొనేవారు. ఇప్పుడు యూరప్‌లో బాధ్యుడి పేరు ఉండాలని అమ్మకం ఆపేశారు. మా బాబాయి కొడుకు ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉద్యోగం చేస్తున్నాడు, వాడి అడ్రస్ వేయొచ్చా?

జవాబు: ఇది 2024 డిసెంబర్ 13 నుంచి అమల్లోకి వచ్చిన యూరప్ సాధారణ ఉత్పత్తి భద్రత నిబంధన. తినే వస్తువులు దీని కిందికి రావు గానీ మిగతావి చాలావరకు వస్తాయి. బయటి దేశం నుంచి అక్కడి కొనుగోలుదారుకు ఏదైనా అమ్మాలంటే యూరోపియన్ యూనియన్‌లో ఉన్న ఒక బాధ్యుడి పేరు, చిరునామా, ఈమెయిలు వస్తువు మీద గానీ ప్యాకింగ్ మీద గానీ ఉండాలి, అమ్మకం పేజీలోనూ కనపడాలి. ఉత్తర ఐర్లాండ్‌కు కూడా ఇదే. చేత్తో చేసినవారికి, చిన్నవారికి మినహాయింపు లేదు. మీలాగే బ్రిటన్‌లో, అమెరికాలో ఇంట్లో కూర్చుని అల్లి అమ్మేవాళ్లు ఎంతోమంది యూరప్‌కు పంపడం మానేశారు.

మీ తమ్ముడి సంగతి. అక్కడ స్థిరపడి ఉండి, మీరు రాతపూర్వకంగా అధికారం ఇస్తే మనిషి ఎవరైనా ప్రతినిధి కావచ్చు. కానీ అది ఉత్తరాలు తీసుకునే పని కాదు. అధికారులు అడిగితే మీ వస్తువు ప్రమాదాల అంచనా పత్రాలు చూపించాలి, ఏదైనా ప్రమాదం బయటపడితే వాళ్లకు చెప్పాలి, వాళ్లకు సహకరించాలి. ఆ పత్రాలు మీరు పదేళ్లు దాచాలి. ఇవన్నీ వాడికి చెప్పి, అక్కడ వాడి వీసా, ఉద్యోగం కాంట్రాక్టు ఇలాంటి పనికి ఒప్పుకుంటాయో లేదో కనుక్కోమని చెప్పండి. పండక్కి ఫోన్ చేసినప్పుడు మాటల్లో మాటగా ఒప్పించే వ్యవహారం కాదిది. ఏడాదికి ఇంత అని తీసుకుని ఈ పని చేసే సంస్థలున్నాయి, మీ ఊరి ఎగుమతిదారులు పది మంది కలిసి ఒకరిని పెట్టుకుంటే నయం.

టేబుల్ క్లాత్‌లు, అల్లిక బొమ్మలు ఒకే గాటన కట్టొద్దు. టేబుల్ క్లాత్‌కు నూలు శాతం ఎంతో ఆ దేశం భాషలో రాసిన చిన్న పట్టీ కుట్టాలి, ప్రమాదాల అంచనా ఒకటి రెండు పేజీల్లో అయిపోతుంది. బొమ్మ మాత్రం వేరు. పిల్లలు ఆడుకునేదైతే సీఈ గుర్తు (యూరప్ భద్రత నిబంధనల ప్రకారం ఉందని చెప్పే ముద్ర), కళ్లు ఊడుతాయా, దారం నిప్పంటుకుంటుందా అని పరీక్షలు, ఆ ఖర్చు యాభై బొమ్మల మీద రాబట్టుకోలేరు. నన్నడిగితే యూరప్‌కు టేబుల్ క్లాత్‌లు ఉంచండి, బొమ్మలు ఆపేయండి. ఇంకొకటి, జర్మనీకి పంపే అట్టపెట్టెకు కూడా అక్కడి ప్యాకేజింగ్ రిజిస్టర్‌లో నమోదు కావాలి, దాన్ని మర్చిపోయి కొందరు ఇరుక్కున్నారు.

ఈ సందర్భంలోనే ఆవకాయ బయటికి పంపేవాళ్లకు ఒక మాట. మన దేశపు అలర్జీ జాబితాలో ఆవాలు లేవు, నువ్వులు లేవు. యూరప్, బ్రిటన్ జాబితాల్లో రెండూ ఉన్నాయి, కెనడాలోనూ ఉన్నాయి, అమెరికాలో 2023 జనవరి 1 నుంచి నువ్వులు చేరాయి. అంటే ఇక్కడ పక్కాగా ఉన్న లేబుల్ అక్కడ తప్పు. ఆవపిండి లేకుండా ఆవకాయ ఎలా ఉంటుంది అని మీరనుకోవచ్చు, కొనేది మనవాళ్లే అయినా వాళ్లింటికి భోజనానికి వచ్చినవాళ్లకు తెలియాలి కదా.

ప్రశ్న: పాత లేబుళ్లు రెండు వేలు మిగిలాయి. ధర మారింది. మీద స్టిక్కర్ వేసుకోవచ్చా?

జవాబు: తగ్గించడానికైతే వేసుకోవచ్చు, పాత ధర కనపడేలా పక్కన. పెంచడానికి వేయకూడదు. పాతవి చింపేసి కొత్తవి వేయించుకోండి, ఈసారి రెండు వేలు కాదు, రెండు వందలే వేయించండి.

ప్రశ్న: లేబుల్ డిజైన్‌కు ఆరు వేలు అడుగుతున్నారు. ఇవ్వాలా?

జవాబు: బొమ్మ బాగుండాలంటే ఇవ్వండి. రూలు కోసమైతే అక్కర్లేదు. తెల్ల కాగితం మీద నల్ల అక్షరాలు చాలు. ప్రెస్‌కు పంపే ముందు ఒక్కటి ప్రింట్ తీసి సీసాకు అతికించి, నూనె చేత్తో నాలుగుసార్లు రుద్ది, మీ నాన్నగారికి కళ్లజోడు లేకుండా ఇచ్చి తేదీ చదవమనండి.